పాత కారు మొరాయిస్తే: కరెంటు లోపమా, పెట్రోలు లోపమా తేల్చుకోవడం ఎలా

పాయింట్లు (నిప్పురవ్వ పుట్టించడానికి కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు), కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న పాత పెట్రోలు కారు స్టార్ట్ కాకపోయినా, నడుస్తూ నడుస్తూ ఆగిపోయినా సాధారణంగా కారణం రెండింటిలో ఒకటై ఉంటుంది: ప్లగ్గు దగ్గర సరైన సమయానికి నిప్పురవ్వ పడటం లేదు, లేదా సిలిండర్‌లోకి పెట్రోలు, గాలి సరైన పాళ్లలో చేరడం లేదు. కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి) పడిపోవడం మూడో కారణం కావచ్చు గాని, అది చాలావరకు పొగ, శక్తి తగ్గడం వంటి సూచనలతో నెమ్మదిగా ముదిరే జబ్బు. కాబట్టి ముందుగా లోపం ఏ వైపున ఉందో రుజువు చేసుకోవాలి, ఆ తర్వాతే స్పానర్ పట్టాలి. కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని వేల వోల్టులకు పెంచే భాగం) మార్చి చూద్దాం, పోతే ప్లగ్గులు మార్చి చూద్దాం, అదీ కాకపోతే పంపు మార్చి చూద్దాం అనుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, పైగా కొత్తగా బిగించిన సామాను వల్ల ఇంకో లోపం చేరినా గుర్తుపట్టలేము. కొత్త కండెన్సర్ (పాయింట్ల మొహాలు మాడకుండా కాపాడే చిన్న భాగం) పెట్టెలోంచి తీసిన రోజే చెడిపోయి ఉండటం పాత కార్ల వాళ్లకు తెలియని సంగతి కాదు.

ఈ పనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకులు), బాగా పనిచేస్తున్నదని తెలిసిన ఒక స్పార్క్ ప్లగ్, రెండు కొసలా క్లిప్పులున్న వైరు, మూత ఉన్న గాజు సీసా, కొంచెం హోస్ పైపు ఉంటే చాలు. మీ మోడల్‌కు చెందిన సర్వీస్ మాన్యువల్ దగ్గర ఉంటే మరీ మంచిది, ఎందుకంటే ఇక్కడ చెప్పే కొలతలు చాలా వాహనాలకు వర్తించే సాధారణ కొలతలే గాని, కంపెనీ చెప్పిన అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించాలి. మొదలుపెట్టే ముందు మీ వాహనం 12 వోల్టులదా, 6 వోల్టులదా, ఎర్త్ (బ్యాటరీని బండి బాడీకి కలిపే కనెక్షన్) ఏ టెర్మినల్‌కు ఉంది అన్నది కూడా చూసుకోండి. బాగా పాత వాటిలో పాజిటివ్ ఎర్త్ ఉన్నవీ ఉంటాయి. ఈ వ్యాసంలోని కొలతలు 12 వోల్టుల, నెగెటివ్ ఎర్త్ వాహనానికి సంబంధించినవి.

జాగ్రత్తల విషయంలో రాజీ పడకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేలమీద పాకుతూ దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకోగలదు. అందువల్ల పెట్రోలు పని ఆరుబయట, ఇంజిన్ చల్లారిన తర్వాత, పొడి రసాయనం నింపిన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేంత దగ్గరలో పెట్టుకుని చేయండి. పెట్రోలు పైపు విప్పి ఉండగా నిప్పురవ్వ పరీక్ష ఎన్నడూ చేయకూడదు. బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్త్ కేబుల్‌ను మొదట తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివరికి బిగించాలి. చేతికి ఉంగరాలు, లోహపు గడియారం ఉంటే తీసేయండి. బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టండి.

ఆగిన తీరే మొదటి ఆధారం

ఇంజిన్ ఎలా ఆగిందో గుర్తు చేసుకోండి. తాళం తిప్పి ఆపేసినట్టు ఉన్నట్టుండి ఒక్కసారిగా చప్పున ఆగిపోతే అనుమానం కరెంటు మీదికి పోవాలి. ఏదో ఒక వైరు ఊడటం, కాయిల్‌కు కరెంటు తెగిపోవడం, పాయింట్లు పనిచేయకపోవడం అలా ఆపుతాయి. అలా కాకుండా ముందు లాగుడు తగ్గి, తడబడి, ఒకటి రెండుసార్లు మళ్లీ పుంజుకున్నట్టే పుంజుకుని, చివరికి నీరసించి ఆగితే కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు అడుగంటుతున్నదని అర్థం. వేగం పెంచినప్పుడు మాత్రమే మిస్సింగ్ కొడుతుంటే రెండు వైపులా అనుమానించాలి. అయితే కార్బ్యురేటర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం డిస్ట్రిబ్యూటర్‌లో (కరెంటును ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా పంచే భాగంలో) దొరుకుతుంది కనుక, ఎటూ తేలనప్పుడు కరెంటు వైపు నుంచే మొదలుపెట్టడం మంచిది. అది తక్కువ విప్పుడుతో పూర్తయ్యే పని కూడా.

బ్యాటరీ, దాని ఎర్త్

బండి ఆపి కొన్ని గంటలు గడిచాక బ్యాటరీ టెర్మినళ్ల మధ్య వోల్టేజీ కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సుమారు సగం చార్జి ఉన్నట్టు, 12 కంటే తగ్గితే ముందు చార్జింగ్ పెట్టకుండా తక్కిన పరీక్షలు చేయడం వృథా. తర్వాత కాయిల్‌కు వచ్చే సన్న వైరు విప్పి, అది దేనికీ తగలకుండా టేపు చుట్టి, ఇంజిన్ స్టార్ట్ కాని విధంగా చేసి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని చెప్పి మీటర్ చూడండి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ వోల్టేజీ 9.6 కంటే కిందికి పడకపోతే బ్యాటరీకి సత్తా ఉన్నట్టే. నిండుగా చార్జి చేసిన తర్వాత కూడా 9 కిందికి జారిపోతుంటే బ్యాటరీ అయినా పోయి ఉండాలి, స్టార్టర్ మోటారైనా ఎక్కువ కరెంటు లాగుతూ ఉండాలి.

బ్యాటరీ బాగుండి కూడా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే దారిలో ఎక్కడో కరెంటు ఆగుతున్నదన్న మాట. పాత వాహనాల్లో ఇదే అసలు తలనొప్పి. చిలుము పట్టిన టెర్మినల్, రంగు పూసిన రేకు మీద బిగించిన ఎర్త్ పట్టీ, లోపల పోగులు తెగిన కేబుల్ పైకి బాగానే కనిపిస్తాయి, టెస్ట్ ల్యాంపు కూడా వెలుగుతుంది, కాని గట్టిగా కరెంటు లాగినప్పుడు మాత్రం చేతులెత్తేస్తాయి. ఓమ్ రీడింగు చూసి వీటిని పట్టుకోలేము. పట్టించేది వోల్టేజీ డ్రాప్ పరీక్ష ఒక్కటే.

మీటర్‌ను వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగెటివ్ బుడిపె మీద ఆనించండి. క్లాంపు మీద కాదు, సీసపు బుడిపె మీదే ఆనించాలి, ఎందుకంటే క్లాంపుకు, బుడిపెకు మధ్య ఉండే బూజు కూడా లెక్కలోకి రావాలి. ఎర్ర ప్రోబ్‌ను ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని శుభ్రమైన చోట ఉంచి సెల్ఫ్ కొట్టించండి. మీటర్ 0.2 వోల్టుల లోపు చూపితే ఎర్త్ బాగుంది, అర వోల్టు దాటితే బాగులేదు. అదే విధంగా పాజిటివ్ బుడిపె నుంచి స్టార్టర్ మీది లావు కేబుల్ బోల్టు దాకా కొలవండి, అక్కడ 0.5 వోల్టుల దాకా పరవాలేదు. ఎక్కువ చూపినప్పుడు ప్రోబ్‌ను ఒక్కొక్క జాయింటు దాటిస్తూ దగ్గరికి జరుపుకుంటూ వస్తే, ఏ జాయింటు దాటగానే అంకె పెరుగుతున్నదో లోపం అక్కడే ఉంటుంది. దాన్ని విప్పి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కొంచెం గ్రీజు పూయండి.

ఇంజిన్‌కు, బాడీకి మధ్య ఉండే ఎర్త్ పట్టీ తెగిపోతే ఒక వింత జరుగుతుంది: స్టార్టర్ లాగే కరెంటు ఇంకో దారి లేక చోక్ కేబుల్ గుండానో, యాక్సిలరేటర్ కేబుల్ గుండానో వెనక్కి పోతుంది. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ తొడుగు వేడెక్కి ఉంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, ఆ పట్టీ మార్చండి. అలాగే ఇండికేటర్ వేసినప్పుడు పక్కనున్న దీపం కూడా మినుకుమంటుంటే అది ఆ దీపం గుత్తికి ఎర్త్ సరిగా లేదనడానికి గుర్తు.

ఫ్యూజుల గురించి ఒక్క మాట. కొసలు మొనదేలి ఉండే పాత రకం ఫ్యూజుల్లో తీగ తెగకపోయినా కొసల దగ్గర చిలుము పట్టి కరెంటు ఆగిపోతుంది, కనుక కంటితో చూసి వదిలేయకుండా చేతితో తిప్పి, మీటర్‌తో రెండు కొసలా వోల్టేజీ చూడండి. పోయిన ఫ్యూజు బదులు సిగరెట్ కాగితపు రేకు చుట్టడం, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయడం అంటే వైరింగ్‌నే ఫ్యూజుగా మార్చడం.

నిప్పురవ్వను వెతకడం

ఇందాక విప్పిన కాయిల్ సన్న వైరును మళ్లీ తగిలించండి. మొదట ఒక ప్లగ్ వైరు ఊడదీసి, మీ దగ్గరున్న మంచి ప్లగ్గుకు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుప భాగం ఇంజిన్ బ్లాకుకు గట్టిగా ఆనేటట్టు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. చేత్తో పట్టుకోకండి, అక్కడ పుట్టేది వేల వోల్టులు. టపటపమని శబ్దం చేస్తూ నీలిరంగులో రవ్వ పడితే కరెంటు వైపు చాలావరకు నిర్దోషి అనుకుని పెట్రోలు వైపు వెళ్లవచ్చు. రవ్వ పసుపుగా, నారింజగా, సన్నగా ఉంటే బలహీనంగా ఉన్నట్టు. అసలు పడకపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్లి, డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోకి వచ్చే కాయిల్ వైరు ఊడదీసి, దాని కొసను ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో బ్లాకుకు అర సెంటీమీటరు దూరంలో పట్టి మళ్లీ కొట్టించండి. అక్కడ రవ్వ బాగా పడి ప్లగ్గు దగ్గర పడకపోతే లోపం మూతలోనో, రోటర్‌లోనో (మూత కింద తిరుగుతూ కరెంటును పంచే ముక్క), ప్లగ్ వైరులోనో ఉంటుంది.

మూత లోపలి వైపు వెలుతురులో తిప్పి చూడండి. పెన్సిల్ గీతల్లా సన్నని నల్లచారలు ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు పాకి ఉంటే కరెంటు ఆ దారి పట్టి పోతున్నది, ఆ మూత గీకితే బాగుపడదు. తేమ ఉంటే పొడిగుడ్డతో తుడవడం చాలు. రోటర్ మాత్రం కంటికి చిక్కదు. దాన్ని దాని స్థానంలోనే ఉంచి, కాయిల్ వైరు కొసను రోటర్ మధ్యనున్న ఇత్తడి రేకుకు కొద్ది దూరంలో పట్టి సెల్ఫ్ కొట్టించండి. ఆ రేకు మీదికి రవ్వ దూకుతున్నదంటే రోటర్ లోపల చిల్లిపడి కరెంటు కింది కడ్డీలోకి కారిపోతున్నదని అర్థం, ఎందుకంటే మంచి రోటర్‌కు కరెంటు పోవడానికి అక్కడ దారే ఉండదు.

కాయిల్ దగ్గరే రవ్వ లేకపోతే టెస్ట్ ల్యాంపు తీసుకోండి. ల్యాంపు క్లిప్పును ఎర్త్‌కు తగిలించి, తాళం ఆన్ చేసి, మొనను కాయిల్ పాజిటివ్ టెర్మినల్‌కు ఆనించండి. వెలగకపోతే తాళం, ఫ్యూజు, వైరింగ్ వైపు వెతకాలి. వెలిగితే మొనను నెగెటివ్ టెర్మినల్‌కు, అంటే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరు ఉన్న వైపుకు మార్చి సెల్ఫ్ కొట్టించండి. ల్యాంపు వెలుగుతూ ఆరుతూ ఉంటే పాయింట్లు తమ పని చేస్తున్నాయి, అప్పుడు కాయిల్‌ను, కండెన్సర్‌ను అనుమానించాలి. ల్యాంపు ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా కలుస్తున్నా మొహాల మీద పొర పేరుకుని కరెంటు దాటడం లేదు. నెలల తరబడి కదలని బండిలో జరిగేది చాలాసార్లు ఇదే. అసలు వెలగకపోతే పాయింట్లు విడివడటం లేదు, లేదా ఆ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా కండెన్సర్ షార్ట్ అయింది, లేదా కాయిల్ లోపలే తీగ తెగింది.

పాయింట్ల మొహాలు సన్నని ఆకురాయితో తేలికగా రుద్ది, వాటి మధ్య శుభ్రమైన గట్టి కాగితం ముక్క పెట్టి లాగితే నూనె జిడ్డు కూడా పోతుంది. ఒక మొహం మీద గుంట, ఎదుటి మొహం మీద మొటిక లేచి ఉంటే కండెన్సర్ సరిపోవడం లేదని చెప్పవచ్చు. గ్యాప్ సాధారణంగా 0.35 నుంచి 0.45 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. క్యాం (పాయింట్లను తెరిచే తిరిగే కడ్డీ మీది ఉబ్బు) శిఖరం మీద పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడే కొలవాలి. డిస్ట్రిబ్యూటర్ లోపల కదిలే పళ్లేనికి వెళ్లే మెత్తని చిన్న వైరును కూడా వదలకండి. వాక్యూం అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పును బట్టి రవ్వ సమయాన్ని ముందుకు జరిపే భాగం) లాగినప్పుడల్లా అది వంగుతుంది కనుక పైతొడుగు చెక్కుచెదరకుండానే లోపల పోగులు తెగిపోతాయి, ఐడిలింగ్‌లో కలిసి ఉండి యాక్సిలరేటర్ తొక్కగానే విడిపోతాయి. ఈ లోపాన్ని కార్బ్యురేటర్ లోపంగా పొరబడి జెట్లు (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల ముక్కలు) విప్పేసిన వాళ్లు తక్కువేమీ కాదు.

కాయిల్ మార్చవలసి వస్తే బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే భాగం) ఉన్న బండా కాదా చూసుకోండి. రెసిస్టర్ లేని వ్యవస్థకు వాడే కాయిల్ ప్రైమరీ సుమారు 3 ఓమ్‌లు, ఉన్న దానికి సుమారు 1.5 ఓమ్‌లు ఉంటుంది. రెసిస్టర్ లేని బండికి 1.5 ఓమ్‌ల కాయిల్ పెడితే కాయిల్ వేడెక్కి, పాయింట్లు మాడిపోతాయి.

పెట్రోలు దారి

రవ్వ బాగుందని తేలాక ఎయిర్ ఫిల్టర్ తీసి, చోక్ రేకు తెరిచి, ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా కార్బ్యురేటర్ గొట్టంలోకి పక్కనుంచి చూస్తూ థ్రాటిల్ లీవర్‌ను చేత్తో ఒక్కసారి తెరవండి. సన్నని ధార చివ్వున చిమ్మితే గిన్నెలో పెట్రోలు ఉన్నట్టే, పంపుదాకా వెనక్కి పోనక్కర్లేదు. యాక్సిలరేటర్ పంపు లేని రకం కార్బ్యురేటర్లలో ఈ ధార రాదు. వాటికి గిన్నె మూత విప్పి చూడాల్సిందే.

ధార లేకపోతే కార్బ్యురేటర్‌కు వచ్చే పైపు విప్పి, గాజు సీసాలోకి మళ్లించి, కాయిల్ వైరు విప్పి ఉంచి, కొన్ని క్షణాలు సెల్ఫ్ కొట్టించండి. మెకానికల్ పంపు బాగుంటే పెట్రోలు ఆగి ఆగి గట్టిగా కొట్టినట్టు పడాలి, బొట్లు బొట్లుగా కారితే చాలదు. ఆ సీసాను కాసేపు కదపకుండా పెట్టి చూడండి: అడుగున వేరే పొరగానో ముత్యాల్లానో నిలిచేది నీరు, ఎర్రటి పొడి ట్యాంకు తుప్పు. వార్నిష్ లాంటి ఘాటైన పుల్లటి వాసన వస్తే పెట్రోలు పాతబడింది, దాన్ని మొత్తం తీసేయాలి.

పంపు ఇవ్వకపోతే వెంటనే పంపును నిందించవద్దు. విడిగా ఒక డబ్బాలో శుభ్రమైన పెట్రోలు పోసి, పంపు లోపలికి లాగే వైపు పైపును అందులో ముంచి మళ్లీ ప్రయత్నించండి. ఇప్పుడు బాగా పోస్తే లోపం ట్యాంకు వైపుది: జల్లెడ పూడుకుపోయి ఉండాలి, ఇనుప పైపు నొక్కుకుపోయి ఉండాలి, లేదా రబ్బరు పైపు పగిలి ఉండాలి. పంపుకు ముందున్న పైపు పగిలితే పెట్రోలు కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే నేల మీద తడి కనిపించనంత మాత్రాన పైపులు బాగున్నాయని అనుకోకూడదు. ఎథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోలేదు, లోపలి పొర ఉబ్బి దారి మూసేస్తుంది. పాత పైపులన్నిటినీ ఎథనాల్‌కు తగిన రకంతో ఒకేసారి మార్చడం నా దృష్టిలో ఏ రిపేరుకన్నా ముందు చేయవలసిన ఖర్చు. డబ్బా నుంచి కూడా లాగకపోతే పంపుదే లోపం. డయాఫ్రం (పంపు లోపల కదిలే మెత్తని పొర) చిరిగితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది కనుక డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు కంపు కొడుతుంటే పంపు మార్చి, ఆయిల్ కూడా మార్చేదాకా ఇంజిన్ నడపవద్దు.

దీనికి ఎదురు లోపం ఓవర్‌ఫ్లో. కార్బ్యురేటర్ తడిసి, ప్లగ్గులు తడిగా నల్లగా ఉంటే నీడిల్ వాల్వ్ (గిన్నె నిండగానే పెట్రోలును ఆపే సూది) కింద మురికి చిక్కుకుని ఉండవచ్చు. గిన్నె మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే ఒక్కోసారి వదులుతుంది. వదలకపోతే మూత విప్పి ఫ్లోట్ (పెట్రోలు మీద తేలుతూ ఆ సూదిని నడిపే బోలు ముక్క) తీసి చెవి దగ్గర ఊపండి. లోపల తొణుకుతుంటే చిల్లిపడింది. ఇత్తడి ఫ్లోట్‌ను పొయ్యికి దూరంగా వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటే చిల్లి. జెట్లను ఇనుప తీగతో పొడవకండి, ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదైతే జెట్ పనికిరాదు. గాలి కొట్టి శుభ్రం చేయండి.

వేడెక్కాక ఆగి, చల్లారాక నడిచే బండి

పాత కార్లలో మనిషిని ఎక్కువ తిప్పలు పెట్టే లోపం ఇది, ఎందుకంటే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఏమీ లేనట్టే నడుస్తుంది. కారణాలు ముఖ్యంగా మూడు. వేడికి కాయిల్ గాని కండెన్సర్ గాని లోపల విడిపోవడం ఒకటి, ఎగ్జాస్ట్ పక్కనుంచి వెళ్లే పైపులో పెట్రోలు ఆవిరై పంపు లాగలేకపోవడం రెండోది, ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయి లోపల వాక్యూం ఏర్పడటం మూడోది. వీటిని వేరు చేయడానికి ఒకే మార్గం, ఆగిన నిమిషంలోనే అక్కడికక్కడే పరీక్షించడం. పది నిమిషాలు ఆగితే ఆధారమంతా చెరిగిపోతుంది.

బండిని రోడ్డు పక్కకు తీసి, మొదట ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి నడిస్తే మూత రంధ్రం శుభ్రం చేయడంతో పని అయిపోతుంది. మూత మళ్లీ బిగించి, వెంట తెచ్చుకున్న ప్లగ్గుతో రవ్వ చూడండి. రవ్వ లేకపోతే కాయిల్ వైపు వెళ్లాలి. రవ్వ బాగుంటే థ్రాటిల్ తెరిచి ధార చూడండి. ధార రాకపోతే పెట్రోలు ఆవిరైందని దాదాపు ఖాయం. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే తాత్కాలికంగా కదులుతుంది, ఎగ్జాస్ట్ మీద మాత్రం నీళ్లు పోయకండి, బీడు పగులుతుంది. శాశ్వతంగా పోవాలంటే పైపును వేడికి దూరంగా జరిపి, మధ్యలో అడ్డురేకు పెట్టాలి. కంపెనీ మొదట బిగించిన అడ్డురేకును ఎవరో విప్పి పారేసి ఉండటమే చాలా బళ్లలో ఈ జబ్బుకు మూలం.

చార్జింగ్ సంగతి

ఇంజిన్ 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా ఉండాలి. డైనమో ఉన్న బండిలో ఐడిలింగ్‌లో చార్జింగ్ దీపం మినుకుమంటే కంగారు పడనక్కర్లేదు. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో ఆ దీపం బల్బు మాడిపోతే చార్జింగే మొదలుకాకపోవచ్చు. రాత్రి ఆపిన బండి తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంటే, అన్నీ ఆపి, ఎర్త్ కేబుల్ విప్పి, కేబుల్‌కు బ్యాటరీకి మధ్య మీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి చూడండి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. ఏ ఫ్యూజు తీశాక అంకె పడిపోతే ఆ సర్క్యూట్లోనే దొంగ ఉన్నాడు. అన్నీ తీసినా పడకపోతే ఆల్టర్నేటర్ వైరు విప్పి చూడండి, డయోడ్ పోయినా కరెంటు ఇలాగే కారుతుంది.

తిరిగి సెట్ చేసే వరుస

లోపం సరిచేశాక సర్దుబాట్లు ఒక క్రమంలోనే జరగాలి. మొదట పాయింట్ల గ్యాప్, తర్వాత ఇగ్నిషన్ టైమింగ్ (రవ్వ పడే సమయం), చివర కార్బ్యురేటర్. గ్యాప్ పెంచితే పాయింట్లు ముందుగా తెరుచుకుని టైమింగ్ ముందుకు జరుగుతుంది, తగ్గిస్తే వెనక్కి పోతుంది. కనుక టైమింగ్ చేసి ఆ తర్వాత గ్యాప్ ముట్టుకుంటే చేసిన పని చెడుతుంది. కార్బ్యురేటర్ స్క్రూలు తిప్పే ముందు అవి ఎన్ని చుట్లు తెరిచి ఉన్నాయో రాసి పెట్టుకుని, ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, చోక్ మూసే అవసరం లేని స్థితిలో మాత్రమే మిక్చర్ (పెట్రోలు, గాలి పాళ్లు) సరిచేయండి. స్క్రూ ఎటు తిప్పినా ఐడిలింగ్ మారకపోతే కార్బ్యురేటర్ కింది గ్యాస్కెట్ చుట్టూ ఆయిల్ క్యాన్‌తో రెండు మూడు చుక్కలు వేయండి. ఆ క్షణాన ఇంజిన్ చప్పుడు మారితే గాలి అక్కడినుంచి దొంగచాటుగా లోపలికి పోతున్నది, గ్యాస్కెట్ మార్చి మిక్చర్ మళ్లీ మొదటినుంచి సరిచేయాలి.